ఒకే పొయ్యి మీద ఖీమా పెసరట్టు

1992 చలికాలంలో మా కంపెనీ కొత్త పిక్చరు పనులు మొదలుపెట్టినప్పుడు నేను ప్రొడక్షన్ మేనేజరుగా ఉన్నాను. ఆఫీసును మద్రాసు నుంచి జూబ్లీహిల్స్‌కి మార్చి అప్పటికి రెండేళ్ళయి ఉంటుంది. ప్రొడక్షన్ మేనేజరంటే ఏం చేస్తాడని ఇప్పటి కుర్రాళ్ళు అడుగుతుంటారు. తెర మీద కనిపించనిదంతా అతని పనే. కార్లు, గదులు, జనరేటరు, హీరోయిన్ తల్లిగారి కాఫీలో చక్కెర ఎంత వెయ్యాలో గుర్తుంచుకోవడం, అన్నీ. వీటన్నిటికంటే పెద్ద పని భోజనం. లైటు సరిగ్గా పడకపోతే ఇంకో టేక్ తీసుకోవచ్చు. సాంబారు మాడితే మాత్రం ఆ రోజు షూటింగే మాడుతుంది.

అందుకని మా కంపెనీలో ఒక ఆచారం ఉండేది. డైరెక్టరు బ్రేక్ చెప్పే ముందు, అంటే అందర్నీ భోజనానికి వదిలే ముందు, మేనేజరు ప్రతి వంటకాన్నీ రుచి చూడాలి. అతను తల ఊపాకే వడ్డన. వడ్డనకీ ఒక వరస ఉండేది: ముందు ఆర్టిస్టులు, తర్వాత టెక్నీషియన్లు, ఆఖరున లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు. ఆ వరస తప్పితే గొడవలే.

మా మెస్సులో అప్పుడు ఇద్దరు హెడ్డు వంటవాళ్ళు. అప్పారావుది రాజమండ్రి దగ్గర. మద్రాసు నుంచి కంపెనీతో పాటే వచ్చాడు. పెసరట్టు వెయ్యడంలో చెయ్యి తిరిగినవాడు. యాదగిరిది షేక్‌పేట. మా కోస్తా వంట సయించక యూసుఫ్‌గూడ నుంచి వచ్చే పనివాళ్ళు సణుగుతుంటే అతన్ని పెట్టుకున్నాం. అతను ఖీమా వండుతుంటే పక్క షూటింగ్ ఫ్లోరువాళ్ళు కూడా ఏదో పనున్నట్టు మా వైపు వచ్చేవారు. ఇద్దరూ గట్టివాళ్ళే, కానీ ఉప్పూ నిప్పులా ఉండేవారు. పోరు పడలేక నేనే చెరో పొయ్యీ ఇచ్చి, మధ్యలో రేకు గోడ కట్టించాను.

ఒకరోజు నిర్మాతగారు పిలిచి, ఈ కొత్త పిక్చరుకి ఒక్క హెడ్డు వంటవాడే చాలునన్నారు. ఆ వారమే ఫిల్మ్ నగర్‌లో కాలనీవాళ్ళు వంటల పండగ పెడుతున్నారు. అక్కడ మన కంపెనీ స్టాలులో ఇద్దర్నీ నిలబెట్టండి, ఎవరి వంటకి జనం ఎగబడితే అతన్నే ఉంచుకుందాం అన్నారు. ఆయనకి సులువే. వాళ్ళకి చెప్పాల్సింది నేను. అప్పారావు మమ్మల్ని నమ్ముకునే పెళ్ళాం పిల్లల్ని మద్రాసు నుంచి తీసుకొచ్చి కాపురం పెట్టాడు. యాదగిరి మా మాట మీదే షేక్‌పేటలో నడుస్తున్న చిన్న హోటలు మూసేశాడు. విని ఇద్దరూ ఎవరి పొయ్యి దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

పండగ రోజు సాయంత్రం స్టాలు సర్దుకుందామని వెళ్తే, మా రెండో పొయ్యిని గేటు దగ్గరే ఆపేశారు. షామియానాలు అంటుకుంటాయన్న భయంతో స్టాలుకి ఒక్క పొయ్యేనని కాలనీవాళ్ళు రూలు పెట్టారట. బతిమాలినా వినలేదు. చివరికి ఇద్దరికీ నేనే ఒప్పందం కుదిర్చాను. ముందు అప్పారావు పెసరట్లు, చీకటి పడ్డాక యాదగిరి ఖీమా, రొట్టెలు. పెనం మాత్రం పెద్దదే, ఒకేసారి నాలుగు అట్లు పడతాయి.

పెసరట్లకి వరస బాగానే కట్టింది. ఈలోగా యాదగిరి మెస్సులో వండి తెచ్చిన ఖీమా గిన్నెలో చల్లారిపోతోంది. ఎవరో ఒకాయన ఇప్పుడే కావాలని అడిగేసరికి, యాదగిరి ఆగలేక పెనం అంచున గరిటెడు ఖీమా వేశాడు. అప్పారావు జనం వంక చూస్తూ అలవాటు చొప్పున పిండి పోసి గరిటె తిప్పాడు. అట్టు వెళ్ళి ఖీమాని కప్పేసింది.

"ఏంటయ్యా ఇది! పెనం పాడుచేశావు కదయ్యా!"

"జర వేడి చేస్తున్ననే. నువ్వే సూడకుంట పోసినవ్. మళ్ళ నా మీద ఒర్రుడేంది?"

వరసలో ఉన్న శాకాహారులు అప్పటికే వెనక్కి తగ్గారు. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. మాంసం తగిలిన పెనం మీద వాళ్ళకి ఇంకేమీ వేసి పెట్టలేం. రెండో పెనం లేదు. పిండి ఇంకా గంగాళం నిండా ఉంది. అప్పారావు మొహంలో నెత్తురు చుక్క లేదు. చిత్రమేమిటంటే యాదగిరి మొహమూ అలాగే ఉంది. ఇలా గెలవడం అతనికీ నచ్చలేదు.

అప్పారావు ఆ అట్టుని ఊడదీసి పారెయ్యబోతుంటే "ఆగు నాయనా!" అని వినిపించింది. మా కంపెనీ పిక్చర్లలో తల్లి వేషాలకి పేరుపడ్డ క్యారెక్టర్ ఆర్టిస్టు ఒకావిడ వరసలో నిలబడి ఉన్నారు. సినిమాల్లో ఆవిడ ఆ మాటంటే హీరో కత్తి దించుతాడు. అప్పారావు అట్లకాడ దించాడు.

"అన్నం పారేస్తారా ఎవరైనా? ఇలా పెట్టు, నేను తింటాను," అన్నారావిడ. ఆకు అందుకుని, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు చాపారు. "ముందు మీరండీ మేనేజరుగారూ. ఆచారం తప్పకూడదు కదా!"

పెసరట్టులోకి ఉప్మా, అల్లం పచ్చడి తప్ప మరోటి ఎరగని గోదావరి మనిషిని నేను. ఖీమాతో అంటే గుళ్ళోకి చెప్పులతో వెళ్ళినంత అపచారం. కానీ ఆచారం ఆచారమే. కళ్ళు మూసుకుని ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. అంచు కరకరలాడింది. పెసల కమ్మదనం వెనకాలే ఖీమా కారం అందుకుంది, చివర్న అల్లం ఘాటు తగిలింది. రెండో ముక్క ఎప్పుడు తుంచానో నాకే తెలియదు. తల ఊపడం కాదు, తల దానంతటదే ఊగింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆవిడ మిగిలినది తిని ఇంకోటి వెయ్యమన్నారు. దాంతో జనం విరగబడ్డారు. శాకాహారులకు ఇక్కడ లేదని అరిచి చెప్పడానికి ఒక మనిషిని పెట్టాను. ఓ పెద్ద హీరోగారు మా లైట్‌మన్ వెనక నిలబడి, ముందుకు రమ్మంటే రానన్నారు. అప్పారావు పోస్తున్నాడు, యాదగిరి చల్లుతున్నాడు. మొదట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కాసేపటికి "గింత పల్చగ పొయ్యకే, ఖీమా ఆగుతలేదు" అని యాదగిరి అనడం, "నువ్వు ఉల్లిపాయలు తగ్గించు, అదే ఆగుతుంది" అని అప్పారావు అనడం విన్నాను. ఇద్దరూ నవ్వుతున్నారు. పిండీ ఖీమా ఒక్కసారే అయిపోయాయి.

మర్నాడు నిర్మాతగారు ఎవర్ని ఉంచాలని అడిగారు. ఒక్కణ్ణే ఉంచితే సగం పెసరట్టే దొరుకుతుందండీ అన్నాను. ఆయన అంతకు ముందు రోజు మూడు తిన్నారు కాబట్టి ఎక్కువ వాదించలేదు. ఇద్దరూ ఉండిపోయారు.

పనిమంతులిద్దరు పోట్లాడుకుంటుంటే మధ్యలో గోడ కట్టకూడదని, రెండో పొయ్యి తీసెయ్యాలని ఆ సాయంత్రం తెలుసుకున్నాను. తర్వాతెప్పుడో ఒక పాటల రచయితకీ సంగీత దర్శకుడికీ మాటల్లేకపోతే, ఇద్దరికీ కలిపి ఒకే గది, ఒకే ఫ్లాస్కు కాఫీ ఇచ్చి చూశాను. పాట వచ్చింది. మెస్సులో రేకు గోడ ఆ వారమే పీకించాను. రెండో పొయ్యి నేను రిటైరయ్యేదాకా గోడౌన్‌లోనే ఉంది. కావాలని ఆ ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.