తలా పిడికెడు

నా చిన్నప్పుడు కోరుట్లలో మా బడికి గంట ఉండేది కాదు. వేపకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను పెద్దసారు ఇనుప చీలతో కొట్టేవారు. ఆ మోత మా వాడ చివరిదాకా వినిపించేది. బడి అంటే రెండు గదులు, గూనపెంకుల కప్పు, వాన పడితే కారే ఒక మూల. కూర్చోవడానికి ఎవరి గోనెసంచి వాళ్లం తెచ్చుకోవాలి. శనివారం మధ్యాహ్నం బొగ్గు నూరి, బీరాకు పసరు కలిపి నల్లబల్లకు పూసేది కూడా మేమే. ఆడపిల్లలం మరుగుకు పోవాలంటే ఇంటికే పరుగెత్తాలి. అయినా ఆ బడి అంటే నాకు ప్రాణం. ఆ కారే కప్పు కింద చోటు కోసం ఎంత ఆరాటపడేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

నేను ఐదో తరగతిలో ఉండగా ఆ మోత ఆగిపోయింది. తెలంగాణ కావాలని విద్యార్థులు రోడ్డెక్కిన మొదటి ఉద్యమం అది. జగిత్యాల నుంచి కాలేజీ అన్నలు వచ్చి బళ్లు మూయించారు. గోడల నిండా సున్నంతో రాతలు, రోజుకో ఊరేగింపు, ఎక్కడి బస్సులు అక్కడే. మొదటి వారం మాకు పండుగే. మేమూ తువ్వాలలు జెండాలుగా ఊపుకుంటూ, అర్థమైనా కాకపోయినా జై కొడుతూ గల్లీలన్నీ తిరిగాం. తర్వాత సరదా తీరిపోయింది. రోజూ పొద్దున్నే బడిదాకా పోయి, తలుపుకు వేసిన తాళాన్ని ఒకసారి చూసి, మెల్లగా ఇంటికి వచ్చేదాన్ని.

ఇంట్లో పరిస్థితి వేరే ఉంది. మా నాయిన సిరిసిల్లలో ఒక సేటు దగ్గర మగ్గం నేసేవాడు. బస్సులు ఆగిపోవడంతో ఆయన రాక ఆగింది, ఆయనతో పాటు వచ్చే బియ్యమూ ఆగాయి. మా వైపు అమ్మను అవ్వ అంటాం. మా అవ్వ పసుపు తవ్వకాలకు కూలి పోవడం మొదలుపెట్టింది. చంక దిగని తమ్ముణ్ని వెంటేసుకుని పొద్దు పొడవకముందే పోయేది, పొద్దుగూకాక పచ్చటి చేతులతో వచ్చేది. ఒకరోజు పోతూ పోతూ తన బీడీల చాట తెచ్చి నా ముందు పెట్టింది.

"బడి తెరిచేదాంక చాట పట్టు బిడ్డా. ఊకె కూసుంటే ఎట్ల ఎల్తది?"

ఆ మాటలో కోపం లేదు, గద్దింపు లేదు. కానీ నాకు ఆ చాట ముట్టబుద్ధి కాలేదు. ఎందుకంటే మా వాడలో చాట పట్టిన ఆడపిల్లలందరూ నాలుగు రోజులకని పట్టినవాళ్లే. ఎవరూ మళ్లీ బడి మొహం చూడలేదు. తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టడం ఒకసారి వేళ్లకు అలవాటైతే ఇక ఆ వేళ్లను ఇల్లు వదిలిపెట్టదు. నేను చేసే బీడీల మీద ఇంట్లో పొయ్యి వెలగడం మొదలైతే నా చదువు ఆరిపోయినట్టే. అది పదేళ్ల పిల్లకు కూడా తెలుసు.

మా పక్కింటి అక్క రెండో తరగతిలోనే అట్లా చాట పట్టింది. ఆమె మగడు బొంబాయి దగ్గర భీవండిలో మగ్గాల మీద ఉండేవాడు. ఇక్కడ అక్క ఒంటరి మనిషి, మాటకారి, ఎవరినీ ఆటపట్టించకుండా వదలదు. వాడలోని ఆడవాళ్లందరూ పగలు ఆమె ఇంటి అరుగు మీదే కూర్చుని బీడీలు చేసేవారు. అవ్వ నన్ను ఆ అరుగుకే అప్పగించింది.

ఆ అరుగుకు ఒక కట్టుబాటు ఉండేది. పసిబిడ్డ ఏడిస్తే పాలివ్వడానికి తల్లి లేస్తుంది కదా, ఆమె చాట అంతసేపూ ఖాళీగా పడావు ఉండకూడదని మిగతావాళ్లు తలా పిడికెడు బీడీలు ఆ చాటలో వేసేవారు. ఎవరూ అడిగేది లేదు, ఎవరూ చెప్పుకునేది లేదు. బిడ్డను పడుకోబెట్టి వచ్చిన తల్లి ఏమీ చూడనట్టే మళ్లీ ఆకు అందుకునేది. ఇవాళ నువ్వు, రేపు నేను, అంతే.

నేను కూర్చున్న మొదటి రోజే అక్క నా వేళ్ల వంక చూసి పకపకా నవ్వింది. నా బీడీ ఒకవైపు ఉబ్బి, ఇంకోవైపు పీక్కుపోయి ఉంది. "గిది బీడీనా పిల్లా, గర్భిణి ఎలుకనా?" అంది. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అది చూసి అక్క ఆవులించినట్టు నటించి, నిద్ర ముంచుకొస్తున్నదని, ఇంటికి పోయి నా తెలుగు వాచకం పట్టుకొచ్చి గట్టిగా చదవమని పురమాయించింది. అవ్వ తిడుతుందని, చాట ఖాళీగా ఉంటుందని నసిగాను. అక్క తన చాటలోంచి పిడికెడు బీడీలు తీసి నా చాటలో వేసింది. ఎండుటాకుల మీద ఎవరో మెత్తగా అడుగు వేసినట్టు చిన్న చప్పుడైంది. పక్కనున్న ముసలామె, వాడంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, అక్క మొహం చూసి, నా మొహం చూసి, తానూ ఓ పిడికెడు వేసింది. అట్లా నా చాట అరుగంతా తిరిగి వచ్చింది.

"పోరి నోరు పనిజేస్తది, చేతులు మనయి," అని అక్క తేల్చేసింది. మా అవ్వకు ఇప్పుడే చెప్పవద్దని కూడా అంది.

ఆ నెలలను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆకలేసినట్టు ఉంటుంది. అంత మంచి బడి మళ్లీ నాకు దొరకలేదు. పొద్దున వాచకం, ఎండ అరుగు మీదికి వచ్చేసరికి సాంఘికశాస్త్రం, మధ్యాహ్నం కూని రాగాలు తీస్తూ ఎక్కాలు. అర్థం కాకపోతే వాళ్లు ఊరుకునేవారు కాదు. ఆకు పాఠం చదివిన రోజు అందరూ తునికాకులను వెలుతురుకు ఎత్తి ఈనెలు చూశారు. సముద్రం పాఠం చదివిన రోజు పెద్ద చర్చే జరిగింది, మాలో ఒక్కరూ సముద్రం చూసినవాళ్లు లేరు మరి. పుస్తకం నిండా ఓడలు, కొబ్బరితోటలు, చేపలు పట్టే పల్లెకారులు.

"గిండ్ల మన పసుపు లేదా? మన మగ్గం లేదా? గింత తునికాకన్న లేదా?" అని పెద్దమ్మ అడిగింది.

"రాసేటోళ్లు గిటు అచ్చినట్టు లేరు పెద్దమ్మా. గీ పిల్ల పెద్దగైనంక రాస్తది తీ," అని అక్క నవ్వింది. బయట రోడ్డు మీద అన్నలు ఏం అడుగుతున్నారో నాకు మొదటిసారి కొంచెం అర్థమైంది ఆ రోజే. సముద్రం పాఠం మాత్రం అక్కకు తెగ నచ్చింది. దాన్ని ఎన్నిసార్లు చదివించుకుందో! తను చూడని నీళ్ల మీద ఆమెకు ఎందుకంత మోజో నాకప్పుడు తెలియలేదు.

పసుపు తవ్వకాలు అయిపోయి ఉడకబెట్టడాలు వచ్చాయి, తర్వాత నాట్లు, కలుపులు. అవ్వకు ఒక్క రోజు తెరిపి లేదు. సాయంత్రం ఇంటికి వచ్చి నా నిండు చాట చూసి మురిసిపోయేది. కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునేవాడు వాటిలో ఒక్కటీ తీసి పారేయలేదని ఎదురింటివాళ్లకు చెప్పుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు భయమేసేది.

నా భయమే నిజమైంది. దసరా దాటాక బడి తాళం తీశారు. పెద్దసారు ఇంటింటికీ తిరుగుతూ మా ఇంటికి కూడా వచ్చారు. నన్ను ఆరో తరగతికి పెద్దబడిలో చేర్పించమని, ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు కూడా మిగల్లేదని బతిమాలారు. అవ్వ నా చాట తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మీరే చూడుండ్రి సారూ. గింత మంచి చెయ్యి పెట్టుకొని దీన్ని బడికెట్ల తోలుత? దీని నాయిన తెచ్చేది చాలుత లేదు, ఇంట్ల ఇప్పుడు దీని చాటే అక్కెరకస్తున్నది."

పెద్దసారు నిండుగా ఉన్న ఆ చాట వంక చూసి లేచి వెళ్లిపోయారు. నన్ను కాపాడటానికి నింపిన చాటే నా కాళ్లకు అడ్డం పడింది. ఏడుస్తూ అక్క దగ్గరికి పరుగెత్తాను. అక్క మొహంలో నవ్వు లేకపోవడం చూసింది నేను ఆ ఒక్కసారే. లేచి మా ఇంటికి వచ్చింది. "చిన్నమ్మా, రేపు ఒక్కదినం పని మానుకొని మా అరుగు మీద కూసో. నీతోని పనున్నది," అని మాత్రం చెప్పి వెళ్లింది.

మర్నాడు అవ్వ ఇంకో చాట అడిగి తెచ్చుకుని, తమ్ముణ్ని ఒళ్లో వేసుకుని నా పక్కనే బీడీలకు కూర్చుంది. పుస్తకం తీయవద్దని, నా చేతులతోనే చేయమని అక్క నాతో చెప్పింది. చేశాను. తంబాకు చాటలో కన్నా నా లంగా మీదే ఎక్కువ రాలింది. ఆకు చిరిగేది, దారం జారేది. పొద్దు నెత్తి మీదికి వచ్చినా చాట అడుగు కనిపిస్తూనే ఉంది. నాకు ఒంట్లో బాగాలేదేమోనని అవ్వ నా నుదురు పట్టి చూసింది. అప్పుడు అక్క జరిగిందంతా చెప్పింది, ఏదీ దాచలేదు. అరుగు మీద కత్తెరల చప్పుడు ఆగిపోయింది.

అవ్వ మొహం ఎర్రబడింది. "అంటే ఇన్ని దినాలు మేం వాడోళ్ల రెక్కల కష్టం తిన్నమా?" అంటూ తమ్ముణ్ని ఎత్తుకుని లేచి నిలబడింది. పేదరికాన్ని ఓర్చుకుంది కానీ ఎవరి ముందూ తల వంచని మనిషి మా అవ్వ.

"గీ పోరనికి పాలియ్య నువ్వు లేసినప్పుడు నీ చాటల మేం ఎయ్యలేదా చిన్నమ్మా? గప్పుడు అడిగినవా, ఎవలి కష్టమని?"

"గది పసిపోరనికి పాలు."

"గిది గంతే. గీడ పాలు గీ పిల్ల సదువు, తాగేటోళ్లం మేము."

అవ్వ కూర్చోలేదు. అక్క నా వైపు తిరిగి, సముద్రం పాఠం చదవమంది. మొదలుపెట్టాను. మా అవ్వ నా చదువు వినడం అదే మొదటిసారి. నాలుగు మాటలు పోగానే ఏడుపొచ్చి ఆగిపోయాను. అప్పుడు పెద్దమ్మ చేతిలో ఆకు చేతిలోనే ఉండగా తర్వాతి వాక్యం తాను చెప్పింది. ఆ తర్వాతిది ఇంకొకామె. అక్షరం రానివాళ్లు ఓడల గురించి, అలల గురించి ఒకరి తర్వాత ఒకరు అందుకుని చెబుతుంటే, నేను పుస్తకం పట్టుకుని ఏడుస్తూ, మళ్లీ వాళ్లతో కలిసి చదివాను. పాఠం ఎప్పుడు అయిపోయిందో, అవ్వ ఎప్పుడు కూర్చుందో నాకు తెలియదు. ఆమె తన చాటలోకి చెయ్యి పెట్టింది. పొద్దుటినుంచి తాను చేసిన బీడీల్లోంచి పిడికెడు తీసింది. నా మొహం చూడకుండా నా చాటలో వేసింది.

ఆ వారమే నేను పెద్దబడికి పోయాను. నా చాట కొంతకాలం అట్లాగే నడిచింది. సాయంత్రం బడి నుంచి నేరుగా అరుగుకు పోయి ఆ రోజు పాఠం అప్పజెప్పేదాన్ని. తర్వాత అక్క మగడు వచ్చి ఆమెను భీవండికి తీసుకుపోయాడు. రెండు మూడు బతుకమ్మలకు వచ్చింది. అక్కడికి దగ్గర్లోనే సముద్రం ఉందట, ఇంకా పోలేదు, పోయినప్పుడు నా పాఠంలో చెప్పినట్టు ఉందో లేదో చూసి చెబుతానంది. ఆ తర్వాత రావడం మానేసింది. అటువైపు నుంచి వచ్చిన ప్రతివాళ్లనూ అడిగాను, ఎవరికీ తెలియదు. ఆమె సముద్రం చూసిందా అన్నది ఈ వయసులో కూడా నన్ను పట్టి పీడిస్తుంది.

నేను టీచరునయ్యాను. మళ్లీ ఉద్యమం వచ్చింది, మళ్లీ బళ్లు మూతపడ్డాయి. ఈసారి సమ్మెలో నేనూ ఉన్నాను. పొద్దున జగిత్యాలలో ధర్నాకు కూర్చుని, మధ్యాహ్నం మా బడి పిల్లలు కూర్చున్న బీడీల అరుగులు వెతుక్కుంటూ పోయేదాన్ని. పిల్లను చదవమని చెప్పి ఆమె చాట నా ఒళ్లో పెట్టుకునేదాన్ని. నా బీడీలు చూసి ఆడవాళ్లు పడీపడీ నవ్వేవారు. నవ్వుతూనే మంచివి తలా కాసిని ఆ చాటలో వేసేవారు.

రిటైరయ్యాక కూడా జిల్లాలో బడుల బాగు కోసం సమావేశాలు పెడితే నన్ను పిలుస్తారు. కొత్త గదులు, ఆడపిల్లలకు నీళ్లుండే మరుగుదొడ్లు, గోడ మీద డిజిటల్ తెర, మన పసుపూ మన మగ్గమూ ఉన్న పాఠాలు. ఇవన్నీ కావాలని గట్టిగా అడిగేవాళ్లలో నేనూ ఒకదాన్ని. అవి వచ్చిన బడిని చూసి సంతోషిస్తాను, కొంచెం అసూయ కూడా పడతాను. కానీ ఎవరైనా పిల్ల వరసగా బడికి రావడం లేదంటే గదుల సంగతి అక్కడే వదిలేసి, ఆ పిల్ల ఇల్లు ఎక్కడని అడుగుతాను. ఆమె చాట ఇప్పుడు ఎవరు నింపుతున్నారో చూడాలి కదా.

అవ్వ లేదు. ఆ అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. ఏ గల్లీలోనైనా ఒక ఆడపిల్ల పైకి చదువుతున్న గొంతు వినిపిస్తే నా కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి. చేతిలో ఏమీ ఉండదు. అయినా నా పిడికిలి మూసుకుంటుంది.