అక్క ఎత్తు బెల్లం

మాఘమాసం దగ్గర పడుతుంటే జగిత్యాల అంగడిలో బెల్లం వాసన మొదలవుతుంది. తియ్యటి వాసన అని రాసేవాళ్లు ఆ దుకాణాల ముందు ఎప్పుడూ నిలబడి ఉండరు. అది కొంచెం పులుపు, కొంచెం గోనెసంచి, కొంచెం తడిమట్టి, మధ్యలో కందిరీగల రొద కలిసిన వాసన. మొన్న నేను పాఠాలు చెప్పే కాలేజీ నుంచి వస్తూ అక్కడ ఆగాను. సమ్మక్క జాతరకు మొక్కుకున్నవాళ్లు మనిషిని కూర్చోబెట్టి, ఆ మనిషితో సమంగా తూగే బెల్లం అమ్మవారికి ఇస్తారు. మా వైపు దాన్ని ఎత్తు బంగారం అంటారు. ఎవరో తమ చంటిపిల్లను కరెంటు కాంటా మీద కూర్చోబెట్టారు, అంకె వెలిగింది, కొట్టతను అంత బెల్లం సంచిలో పడేశాడు, అయిపోయింది. ఆ పిల్లకు ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు. ఇదేం తూకం అని నాకు కోపం వచ్చింది. మా అక్కను తూచిన రోజు కోరుట్ల బజారు సగం ఆగి చూసింది.

మా అక్క పద్మ నాకంటే ఆరేళ్లు పెద్ద. తర్వాతి కాలంలో వీపు మీద దేశం పేరు వేసుకుని పరాయి దేశాల్లో బరువులెత్తింది, పతకాలు తెచ్చింది. పేదరికాన్ని ఎత్తి అవతల పారేసిందని ఒకాయన పేపర్లో రాశాడు. ఆ ఆటలో ఎత్తినదాన్ని మళ్లీ అక్కడే కిందికి వదలాలి, అవతల పారేసే రూలు లేదు, ఆ మాత్రం చూడకుండా రాస్తారు. నాకు కావలసింది ఆ పేపరు పద్మ కాదు. చలికాలం పొద్దున్నే నాయన గీసిన కల్లు కుండల కావడిని భుజాన వేసుకుని, మంచుకు తడిసిన లంగ అంచు కాళ్లకు చుట్టుకుంటుంటే, ఒక్క చుక్క తొణకకుండా ఈతవనం నుంచి నడిచి వచ్చే పద్మక్క కావాలి.

నాయన తాటిచెట్లు, ఈతచెట్లు గీసి కల్లు దించేవాడు, అమ్మ బీడీలు చుట్టేది. మా ఇంట్లో ఒక మూల పులిసిన కల్లు వాసన, ఇంకో మూల తునికాకు వాసన, రెండూ కలిసే చోట మా పడక. ఎండాకాలం వస్తే ముంజల్లోకి బొటనవేలు దించి తాగడం, నీళ్లు మోచేతుల దాకా కారడం, బతుకమ్మ రోజుల్లో అమ్మ మలీద ముద్దలు చేస్తే ఎవరి ముద్ద పెద్దదని అక్కకూ నాకూ జుట్లు పట్టుకునేంత యుద్ధం. అక్క అప్పుడు బాగా తినేది. అమ్మ చేట ఒళ్లోంచి దించకుండానే, వేళ్లు ఆకు చుడుతూనే, కంటితో అక్క కంచం చూసుకుని తృప్తి పడేది. కచ్చకాయలు ఆడి విసుగొస్తే వాడకట్టు పిల్లలందరం అక్క చేతులకు వేలాడేవాళ్లం. ఆమె మమ్మల్ని గిర్రున తిప్పి, కళ్లు తిరిగి పడిపోయిన వాళ్లను చూసి నవ్వేది.

బడి సెలవుల్లో సిరిసిల్లకు, మేనమామ ఇంటికి పోయేవాళ్లం. అక్కడ మరమగ్గాలను సాంచాలు అంటారు. పగలంతా వాటి చప్పుడులో పెరిగిన మా మామ ఇంట్లో కూడా అరిచే మాట్లాడేవాడు. నూలు చుట్టిన పెద్ద భీమును సాంచా మీదికి ఎక్కించడానికి ఇద్దరు మగవాళ్లు కావాలి. ఒకరోజు రెండో మనిషి రాలేదు, అక్క లంగ దోపుకుని ఒక కొస పట్టుకుని ఎత్తేసింది. షెడ్డులో వాళ్లంతా పని ఆపి చూశారు.

"ఓ అక్కా!" అని మామ మా అమ్మను కేకేశాడు. "నీ బిడ్డకు మొగన్ని దేవులాడుడు గాదు, దీన్ని ఎత్తెటోన్ని దేవులాడాలె!"

"నీ నోట్లె మన్నువడ, నా బిడ్డకు దిష్టి పెట్టకు" అంది అమ్మ, ముఖం మాత్రం వెలిగిపోతూ.

ఆ మాట ఎట్లా పాకిందో, కోరుట్లలో మా బడి ఆటల సారు అక్కను జగిత్యాలకు తీసుకుపోయాడు. అక్కడ రేకుల షెడ్డులో ఒక ఇనుప కడ్డీ, తుప్పు పట్టిన చక్రాలు, పగిలిన చెక్కపలకలు. రోజూ సాయంత్రం కోరుట్ల నుంచి బస్సు. ముందు సీట్లో అక్క, కిటికీ కోసం ఆమెతో తగువాడుతూ నేను. చెమటకు కడ్డీ జారకుండా చేతులకు రుద్దుకునే తెల్లపొడి మాకెక్కడిది, అమ్మ ముగ్గుపిండి డబ్బా ఖాళీ అయ్యేది. అరచేతులు కాయలు కాసి, ఆ కాయలు పగిలి నెత్తురొస్తే, రాత్రి అన్నం తిన్నాక నాయన ఆమె చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుని, తాటిగెలను చెక్కే కత్తితోనే ఆ గట్టి తోలును పొరలు పొరలుగా చెక్కేవాడు. ఆయన చేతులకూ అవే కాయలు. నేను పక్కన కూర్చుని నాకూ కాయలు ఉంటే బాగుండునని ఏడ్చేదాన్ని.

ఆ తర్వాత మా ఇంట్లో అన్నం దగ్గర గొడవలు మొదలయ్యాయి. అక్క నలభై ఎనిమిది కిలోల తరగతిలో ఎత్తాలి. ఆమె బరువు అంతకంటే పెరగకూడదు. సద్ది చూసి ముఖం తిప్పుకునేది, మిట్టమధ్యాహ్నం గొంగడి కప్పుకుని ఎండలో పరుగెత్తేది. వద్దన్న కంచం ముందు కూర్చుని అమ్మ ఏడ్చేది, ఆమెకు ఇది అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఇనుము ఎత్తే మనిషిని ఎండబెట్టడం ఏమిటని సారుతో కూడా వాదించాను, సారు నా చెవి మెలిపెట్టాడు.

అంతలో అక్క పేరు ఆసియా పోటీలకు వచ్చింది. జాతర కూడా అప్పుడే వచ్చింది. అమ్మ అంతకు ముందే, అక్క ఇంకా బాగా తినే రోజుల్లో, కిరాణం కొట్టులో ఆమెను తూకం వేయించి, నా బిడ్డ దేశం దాటి ఆడేట్టయితే ఈ ఎత్తు బంగారం నీకిస్తానని మొక్కుకుంది. ఆ మొక్కు తీరాలి. కానీ అక్క అప్పటికి నాలుగైదు కిలోలు తగ్గింది. మొక్కిన ఎత్తు కావాలంటే తినాలి; తింటే పోటీకి ముందు జరిగే శిబిరంలో మళ్లీ వేసే తూకంలో బరువు దాటుతుంది, విమానం ఇంకొకరు ఎక్కుతారు.

కొట్టు ముందు పెద్ద తక్కెడ వేలాడుతోంది. అక్క ఒక తట్టలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. రెండో తట్టలో బెల్లం ముద్దలు పడుతున్నాయి, అమ్మ చూస్తోంది. మొక్కినంత బెల్లం పడకముందే ముల్లు నిలబడింది.

"దించున్రి" అంది అమ్మ. "వారం రోజులు తినిపిచ్చి మల్ల తెస్త."

"అమ్మా, ఎల్లుండి పోవాలె నేను!"

"మొక్కు తీరంది గడప దాటనియ్య. అమ్మవారికి మాట ఇచ్చి తక్కువ జోకుతరానే? అడ్డమైన రోగమొస్తె ఆ పరాయి దేశంల ఎవలు సూస్తరు నిన్ను?"

నేను ఊరుకుంటానా? "తక్కువైన బెల్లం ఉత్తగనే ఏసి ఇయ్యరాదే!" అన్నాను.

"మనిషి తూగకుండ ఏస్తె అది కిరాణం సామాను, మొక్కు గాదు. నువ్వు నోరు మూస్కో."

అక్క తట్టలోంచి దిగలేదు, ఏడవలేదు. గొలుసులు పట్టుకుని కూర్చుంది, ఎండిన పెదాలు బిగబట్టి. ఎంత బరువైనా ఎత్తే పిల్లను ఒక తక్కెడ అట్లా కట్టేసింది. జనం చేరారు. కొట్టతను బెల్లం ముద్ద చేతిలోనే పట్టుకుని ఎటు పెట్టాలో తెలియక నిలబడ్డాడు.

అప్పుడు వచ్చాడు నాయన, వనం నుంచి నేరుగా. ఎవరో చెప్పినట్టున్నారు. అమ్మ చెప్పింది విన్నాడు, అక్క చెప్పింది విన్నాడు. భుజాన చుట్టలు చుట్టి ఉన్న మోకు, చెట్టెక్కేటప్పుడు నడుముకు కట్టుకునే తాడు, తీశాడు, నడుముకున్న కత్తుల పొది విప్పాడు, రెండూ అక్క ఒడిలో పెట్టాడు. తట్ట కిందికి కుంగింది.

"ఇదేంది?" అంది అమ్మ.

"తాటిచెట్టు ఎక్కితె నా పానం గీ మోకు మీదనే ఉంటది. మోకంటె నేనే. బిడ్డ ఒళ్లె నేను కూసున్న. ఇగ జోకున్రి."

అమ్మ వంగి మోకును తడిమింది. ఆ మోకు మీద భర్త క్షేమంగా దిగి రావాలని రోజూ మొక్కుకునే మనిషి, అది మనిషి కాదని ఎట్లా అంటుంది? "సరే, జోకు. పైన ఇంకో ముద్ద ఎయ్యి, అమ్మవారి దిక్కు మొగ్గాలె" అని కొట్టతన్ని గదమాయించింది. బెల్లం తట్ట దిగింది, అక్క తట్ట లేచింది. ఒడి నిండా తాడుతో, కాళ్లు గాలిలో తేలుతుంటే, ఎన్నాళ్లకో అక్క పళ్లన్నీ కనపడేట్టు నవ్వింది.

శిబిరంలో బరువు సరిగ్గా సరిపోయింది. మూడో స్థానంతో తిరిగొచ్చింది. ఆ తర్వాత ఎన్నో పోటీలు, రైల్వేలో ఉద్యోగం, ఒకదాని తర్వాత ఒకటిగా రెండు మోకాళ్లకూ ఆపరేషన్. ఈతవనం ప్లాట్లయింది. రేకుల షెడ్డు ఉన్న చోట ఇప్పుడు వరుసగా దుకాణాలు, నేను అటు పోయినా తల తిప్పను. నాయన పోయాడు, ఆయన వెనక అమ్మ.

పోయిన ఆదివారం అక్క సికింద్రాబాదు నుంచి వచ్చింది. కింద కూర్చోవడం ఆమెకు కుదరదు కాబట్టి బల్ల మీదే పెట్టాను, మటన్ కూర, జొన్నరొట్టె, నువ్వుల పొడి. పెట్టింది పెట్టినట్టు తింది. రెండోసారి వేస్తే అదీ తింది. మూడోసారి గరిటె చాపాను, కంచం మీద చెయ్యి అడ్డం పెడుతుందేమోనని చూశాను. పెట్టలేదు.

"సాలనవేందే? ఎంత పెడితె అంత తింటవా?" అన్నాను.

"ఎవలతోని సాలనాలెనే?" అంది అక్క, రొట్టె తుంచుకుంటూ. "ఒద్దంటె ఏడ్సెటామె పాయె."

గిన్నెలో మిగిలింది కూడా ఆమె కంచంలోనే వేశాను.