భోలాకి సూది వేయించిన ఆదివారం

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద బతుకంతా గడిపినవాణ్ణి. కొలతకి అందనిదాన్ని నమ్మను. ఇప్పటికీ నమ్మను. అయినా ఈ ఒక్కటీ రాయాలి.

అరవైల చివరి మాట. న్యూ సెటిల్‌మెంట్‌లో మా క్వార్టర్. భోలా మా కుక్క. పిల్లగా ఉన్నప్పుడు పూరీ గేట్ దగ్గర లారీ తగిలి, కుడి చెవి సగం తెగి పడుంటే, మా ఆవిడ సత్యవతి కొంగులో చుట్టి తెచ్చింది. పెరిగాక మా క్వార్టర్ల లైనుకంతటికీ అదే పెద్దమనిషి. ప్రతి ఇంట్లోనూ దానికో ముద్ద ఉండేది.

ముసలిదయ్యాక కడుపులో గడ్డ లేచింది. వెనక కాళ్ళు పడిపోయాయి. నొప్పికి ఒకటే మూలుగు. మాకైతే రైల్వే ఆసుపత్రిలో మందులు ఊరికే ఇస్తారు. కుక్కకెవరిస్తారు? పశువుల డాక్టరుని రప్పించాలంటే ఫీజు, రిక్షా, సూదిమందు, అన్నీ మా జేబులోంచే. నేను తల పట్టుకుని కూర్చుంటే, సత్యవతి పుట్టింటి ప్రయాణానికని దాచుకున్న డబ్బు తెచ్చి నా ముందు పెట్టింది. రైలుకి రైల్వే వాళ్ళిచ్చే ఉచిత పాసుంది గానీ, వట్టి చేతులతో పుట్టింటి గడప ఎవరు తొక్కుతారు? తల్లి మీద అంత బెంగ ఉన్న మనిషి ఆ ఏడు వెళ్ళడం మానేసింది.

ఆ డబ్బుతో నొప్పి తెలియకుండా సూదులు వేయించాం. కొన్నాళ్ళకి నీళ్ళు కూడా దిగలేదు. ఇక బతికించడమంటే బాధపెట్టడమే, సూదిమందుతో శాశ్వతంగా నిద్రపుచ్చేద్దామన్నాడు డాక్టరు. సత్యవతి సరేనంది. నాకే మనసొప్పలేదు. దానికి పోవాలని ఉందో లేదో మనకెలా తెలుస్తుంది? ఆ ప్రశ్న నన్ను తినేసింది. చివరికి దాని మూలుగు వినలేక ఒప్పుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం డాక్టరు వచ్చాడు. తలుపు గడియ పెట్టాం. భోలా తల సత్యవతి ఒళ్ళో, నా చెయ్యి దాని మెడ మీద. ఊపిరి ఆగేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. ఇది ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్తాను.

డాక్టరు చేతులు కడుక్కుంటుంటే ఎవరో తలుపు దబదబా బాదారు. తీస్తే లైను చివరింటి అప్పలనరసమ్మ, చేతిలో అన్నం పళ్ళెం.

"ఏటి తమ్ముడూ, కుక్క లెగట్లేదన్నావు? ఇప్పుడే మా గుమ్మం కాడికొచ్చినాది. అన్నమెట్టినాను, ముట్టలేదు. నా మొకం సూసి ఎలిపోనాది. అంత బాగా నడిసే కుక్కకి సూదేటి?"

లోపలికొచ్చి, సత్యవతి ఒళ్ళో ఉన్నదాన్ని చూసి కూలబడిపోయింది.

పొరబడిందనుకున్నాను. సాయంత్రం ఎదురు వరసలోని బెంగాలీ దీదీ కూడా అదే చెప్పింది. మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడితే చేపముక్క వేసిందట, వాసనైనా చూడకుండా వెళ్ళిపోయిందట. టీ కొట్టు ఒడియా ఆయన కూడా అదే వేళకి బిస్కెట్ వేస్తే వదిలేసి పోయిందన్నాడు. తెగిన చెవి ముగ్గురూ చూశారు. పైగా అప్పలనరసమ్మకీ దీదీకీ కుళాయి దగ్గర గొడవై చాలాకాలంగా మాటల్లేవు. కలిసి కథ అల్లే వాళ్ళు కాదు. అలాంటి కుక్క ఇంకోటుందేమోనని చుట్టుపక్కల లైన్లన్నీ సైకిల్ మీద గాలించాను. లేదు.

పాసు మీద ఊరెళ్ళేముందు ఇల్లిల్లూ తిరిగి వెళ్ళొస్తామని చెప్పడం మా అందరికీ అలవాటు. భోలా మా వెనకే తిరిగేది. ఆ సంగతి గుర్తొచ్చి, అందరికీ చెప్పింది గానీ మనకి చెప్పలేదేం అన్నాను సత్యవతితో. నాకు ఏడుపు ఆగలేదు.

"రైలెక్కించడానికొచ్చినోలకి వేరేగా సెప్తారేటి?" అంది.

నా చేతి కింద ఉన్న కుక్క మూడు గుమ్మాల ముందు ఎలా నిలబడిందో నాకు ఇప్పటికీ తెలీదు. దానికి పోవాలని ఉందో లేదో అన్న ప్రశ్న మాత్రం నన్ను మళ్ళీ తినలేదు.