అత్తయ్య పిండీ, నా ప్రాసెసర్లూ

నిమ్‌పురాలో మాది రైల్వే క్వార్టరు. మా ఆయనది లోకో షెడ్డులో పని, నాది ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే పని. అక్కడ ఒక పాత సర్వర్‌ను తుక్కులో పడేయబోతుంటే, మేనేజర్‌ని బతిమాలి ఇంటికి తెచ్చుకున్నాను. మామూలు కంప్యూటర్‌కి ప్రాసెసర్ ఒకటుంటే దీనికి రెండు. చూడ్డానికి ట్రంకు పెట్టెను ఎవరో తొక్కి పలచన చేసినట్టు ఉంటుంది.

వసారా మూల పెట్టి స్విచ్ వేయగానే లోపలి ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా అరిచాయి. అత్తయ్య గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏటే ఇది? షెడ్డులో ఇంజన్లు సాలనేదని ఇంటికి కూడా తెచ్చినారేటి?"

"సర్వర్, అత్తయ్యా. దీనికి రెండు మెదళ్ళు."

"ఒక మెదడున్నోడితోనే ఏగలేకపోతన్నాను," అని కొడుకు వైపు చూసి వెళ్ళిపోయింది.

చలికాలం వచ్చింది. ఏటా ఆ రోజుల్లో అత్తయ్యకి దోశల పిండితో పెద్ద గొడవ. దుప్పటి చుట్టినా, పొయ్యి పక్కన పెట్టినా పులిసేది కాదు. అలాంటిది ఒకరోజు పొద్దున్నే పిండి గిన్నె దాటి పొంగిపోయింది. ముందురోజు సాయంత్రం అత్తయ్య గిన్నెను స్టూలు మీద పెట్టి సర్వర్ వెనక్కి జరిపిందట. అక్కడే కదా వేడిగాలి బయటికి కొట్టేది!

"మంచి మిషను. ఎనకంతా యెచ్చగా ఉన్నాది," అంది.

ఆ సంగతి పక్క క్వార్టరు బెంగాలీ దీదీకి తెలిసింది. మరునాటి నుంచి ఆవిడ పాల ముంత కూడా పెరుగు తోడుకోవడానికి ఆ స్టూలెక్కింది. సర్వర్‌ని ఆపాలంటే నేను ఇద్దరి అనుమతీ తీసుకోవలసి వచ్చేది.

నా బాధ వేరు. ఆ పాత ప్రాసెసర్లు ఊరికే ఉన్నా వేడెక్కేవి, పని చెబితే నత్తలా నడిచేవి. దాని లోపలి బోర్డుకే సరిపోయే తర్వాతి తరం ప్రాసెసర్లు, వాడినవే, ఒకే రకం జత తెప్పించాను. ఒక ఆదివారం నేల మీద పాత పేపర్లు పరిచి మూత విప్పాను. అత్తయ్య ఒక పక్క, దీదీ ఒక పక్క కూర్చున్నారు. ప్రాసెసర్ల మీద వేడిని లాగే బరువైన లోహపు దిమ్మలు తీసి, వాటి కింద ఎండిపోయిన పేస్టు తుడిచి, కొత్తవి కూర్చోబెట్టి, కొత్త పేస్టు రాసి బిగించాను. స్విచ్ వేస్తే దానికి తగిలించిన తెర నల్లగా ఉండిపోయింది.

"పోయినాదా?" అంది అత్తయ్య, ఆసుపత్రి వరండాలో అడిగినట్టు.

"హే ఠాకూర్!" అని దీదీ దేవుణ్ణి తలుచుకుంది.

కాసేపటికి నా పొరపాటు తెలిసింది. కొత్తవాటిని గుర్తుపట్టేలా బోర్డులోని సాఫ్ట్‌వేర్‌ని ముందే మార్చాలి. ఆ పని పాతవి ఉండగానే జరగాలి. మళ్ళీ విప్పాను. పాతవి పెట్టి, ఆ మార్పు చేసి, మళ్ళీ తీసి, కొత్తవి పెట్టాను.

"ఏటే, తీత్తావు, పెడతావు, మళ్ళీ తీత్తావు! కమ్మలైనా ఇన్నిసార్లు మార్సరే ఎవులూ."

ఈసారి తెర మీద రెండు ప్రాసెసర్లూ కనిపించాయి. ఎగిరి గంతేశాను. ఫ్యాన్ల రొద కూడా దాదాపు ఆగిపోయింది. గదిలోంచి మా ఆయన తల బయటపెట్టి, "కరెంటు పోయినాదేటి?" అన్నాడు.

తెల్లారేసరికి పిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. గుమ్మంలో దీదీ ముంత పట్టుకుని నిలబడింది. "బౌమా, దొయి జొమేని!" పెరుగు తోడుకోలేదని ఆవిడ గోడు. ముంత వంచితే పాలు జారిపోతున్నాయి.

సర్వర్ వెనక చెయ్యి పెట్టి చూశాను. చల్లగాలి.

"మంచి మిషనుని పాడు సేసినావు. పాతవే ఎట్టేయ్," అంది అత్తయ్య.

"ఇప్పుడు చల్లగా, వేగంగా పనిచేస్తోంది అత్తయ్యా."

"సల్లగా ఉండడానికి ఫ్రిజ్జు నేదా మనకి?"

ఆ వారమంతా ఉప్మానే. అది తిని తిని మా ఆయన కూడా తల్లి పక్షం చేరిపోయాడు. నాకూ దోశలంటే ప్రాణమే. అప్పుడు తట్టింది, కొత్తవి చల్లగా ఉండడం పని లేకపోవడం వల్లేనని. ప్రాసెసర్ల సత్తా పరీక్షించే ప్రోగ్రామ్ ఒకటి ఉంది, వాటిచేత ఊపిరాడకుండా లెక్కలు చేయిస్తుంది. సాయంత్రం దాన్ని నడిపాను. ఫ్యాన్లు గోల పెట్టాయి. పిలవకుండానే అత్తయ్య గిన్నెతో హాజరైంది.

పొద్దున పిండి మూతను ఎత్తేసింది. దీదీ ముంతను తలకిందులు చేసి, ఒక్క చుక్క కారలేదని అందరికీ చూపించింది.

"అంతసేపు ఏటి లెక్కలు సేత్తాది అది?" అన్నాడు మా ఆయన.

"పెద్ద పెద్ద అంకెలు గుణించుకుంటుంది."

"దేనికి?"

"దోశలకి."

ఇప్పుడు అత్తయ్య సాయంత్రం వాకిట్లో నిలబడి గాలి చూసి, "ఈరోజు సలి గట్టిగా ఉన్నాదే, కాస్త కష్టమైన లెక్కలెట్టు," అని చెబుతుంది. నేను పెడతాను.

మొన్న మలంచా నుంచి చుట్టాలావిడ వచ్చింది. దోశలు తిని, ఆ మిషను ఏ కొట్లో అమ్ముతారని అడిగింది.

"కొట్లో దొరకదమ్మా. దానికి సదువుకున్న కోడలుండాల," అంది అత్తయ్య.

ఆ మాటకి నేను రెండు దోశలు ఎక్కువ తిన్నాను.