లంగరేసిన ఓడలో మా అల్లుడు

మా అల్లుడు ఓడ ఇంజన్లకు నూనెపెట్టే మనిషి. పెళ్లయిన కొత్తలో మా ఇంటికి భోజనానికొచ్చి, వంటింట్లో కుళాయి కారుతున్న చప్పుడు విని, కంచం ముందు నుంచి లేచి దాన్ని బాగుచేసి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. అత్తారింట్లో కొత్తల్లుడు చేసే పనేనా అది? ఇతనికి ఏ పని చూసినా తనదే అనిపిస్తుంది, ఇది మా అమ్మాయి ప్రాణానికొస్తుంది అని ఆ రోజే అన్నాను. నా నోరు మంచిది కాదని ఇంట్లో అందరూ నన్నే తిట్టారు.

తర్వాత అతను ఎక్కిన ఓడ మా ఊరి రేవు బయటే లంగరేసి ఆగిపోయింది. సొంతదారు చేతులెత్తేశాడు, ఫోను కూడా ఎత్తడం మానేశాడు. కోర్టు ఓడని జప్తు చేసి, పనివాళ్లని ఇళ్లకి పంపిస్తామంది. కానీ ఓడని ఒట్టిగా వదలకూడదట. అడుగున చేరే నీళ్లు తోడే పంపు ఆగిపోతే ఓడ ఒరిగిపోయి మిగతా ఓడలకి అడ్డమవుతుంది. అందుకని ఒక మనిషి ఉండాలి. ఎవరుంటారు, వారం రోజులే అని కోర్టు గుమాస్తా వచ్చి అడిగాడు. అందరూ తలలు దించుకుని కాళ్లకేసి చూసుకుంటుంటే మా మహానుభావుడు, ఆ పంపు సంగతి నాకు తెలుసు, వీళ్లని వెళ్లనివ్వండి అన్నాడు.

అంతే, ఓడంతా అతని చేతికి అప్పగించారు. ఇంకొకడు వచ్చి, అందరి ముందూ ఒప్పుకుని, ఆ అప్పగింత తన నెత్తినేసుకుంటే గానీ ఇతను దిగడానికి లేదు. దిగితే నేరం. మిగతావాళ్లు మూటలు సర్దుకుని వెళ్లిపోయారు. వారం పోయి ఏడాది వచ్చింది, ఆ ఏడాది మీద ఇంకో ఏడాది వచ్చింది.

ఓడ మీద ఎగిరే జెండా ఒక దేశానిది, సొంతదారుది ఇంకో దేశం, రేవు మనది. జెండావాళ్లు సొంతదారుని అడగమంటారు, సొంతదారు దొరకడు, రేవువాళ్లు కోర్టుని అడగమంటారు. ఎంగిలి గిన్నెల దగ్గర తోడికోడళ్లు నీ వంతంటే నీ వంతని వాదులాడుకున్నట్టుంది వీళ్ల యవ్వారం. గిన్నెలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఒడ్డున నిలబడితే ఓడ కనబడుతుంది, మనిషి కనబడడు. మా అమ్మాయి పడవలో తిండీ, మంచినీళ్లూ పట్టుకెళితే పైకి ఎక్కనివ్వరు. అతను తాడు దించుతాడు, ఈవిడ బుట్ట కడుతుంది. మా మనవరాలికి నాన్నంటే పైకి వెళ్లే బుట్ట.

రేవుకెదురుగా ఉన్న హోటల్లో ఏటా ఒక సదస్సు జరుగుతుంది. దేశానికీ దేశానికీ మధ్య చట్టం ఏమిటి, దానికి ఇప్పుడొచ్చిన చిక్కులేమిటి అని ఎక్కడెక్కడి నుంచో లాయర్లూ, జడ్జీలూ వచ్చి మాట్లాడతారు. మా అమ్మాయి అక్కడ టీలందిస్తుంది. ఈసారి మనుషులు చాలక నన్నూ కప్పులు కడగడానికి తీసుకెళ్లింది. తలుపు సందులోంచి చూద్దును కదా, గోడ మీద మా ఓడ బొమ్మ. వెలుతురికి బొమ్మ సరిగా ఆనడం లేదని ఎవరో అంటే, అసలు ఓడ కనబడే కిటికీకి తెర లాగారు. లాగింది మా అమ్మాయే. అక్కడ ఆ పని కూడా తనదే మరి.

ఓడ గురించి చెప్పిన లాయరమ్మని టీ వేళప్పుడు మా అమ్మాయి పట్టుకుంది. ఆ ఓడలో ఉన్నది మా ఆయనే అంది. లాయరమ్మ తాగుతున్న కప్పు పక్కన పెట్టేసింది. పాపం, మాటలతో సరిపెట్టే మనిషి కాదు. అక్కడికక్కడే నలుగురికి ఫోన్లు చేసి, కోర్టువాళ్లని కదిలించి, సదస్సు ఆఖరి రోజుకల్లా మా అల్లుడి బదులు ఓడలో ఉండడానికి ఒక మనిషిని చూసింది.

ఆ రోజు పొద్దున్న పడవలో నేనూ, మా అమ్మాయీ, కోర్టు గుమాస్తా, ఆ కొత్త మనిషీ బయల్దేరాం. కొత్తాయన సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఓడెక్కడం కొత్తేం కాదట, పని లేక ఖాళీగా ఉన్నాడట. వారం రోజులేనని చెప్పారమ్మా అన్నాడు నాతో. నేనేదో అనబోతే మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ గోళ్ల గుర్తులు సాయంత్రం దాకా పోలేదు.

మా అల్లుడు గడ్డం గీసుకుని, మూట కట్టుకుని, పైన కమ్మీ దగ్గర నిలబడి ఉన్నాడు. కొత్తాయనా, గుమాస్తా తాళ్ల నిచ్చెన ఎక్కారు. పడవ ఇంజను ఆపేశారు కాబట్టి పైన మాట్లాడేది మాకు వినబడుతూనే ఉంది.

"నీకేం చెప్పారు?" అని అడిగాడు మా అల్లుడు.

"వారమన్నారన్నా."

"నాకూ వారమనే అన్నారు."

తర్వాత గొంతు ఏమాత్రం పెంచకుండా, పంపు గురించి, దిగకూడదనే మాట గురించి, గడిచిన ఏళ్ల గురించి చెప్పాడు. అన్నీ తెలిసి ఉంటానంటే సరే, మూట కట్టుకునే ఉన్నాను, దిగిపోతాను అన్నాడు. గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. కొత్తాయన, నా వల్ల కాదన్నా అని సంచీ భుజాన వేసుకుని నిచ్చెన దిగొచ్చేశాడు, వెనకే గుమాస్తా.

మా అమ్మాయి పడవలో లేచి నిలబడింది. పడవ ఊగిపోతుంటే నేను తన కొంగు పట్టుకున్నాను.

"ఏమండీ, మీరు దిగండి."

"అతను ఉండనంటున్నాడే."

"మీరు చెప్పకపోతే ఉండేవాడు."

"అందుకే చెప్పాను."

వెనక్కి వస్తుంటే ఆ కొత్తాయన, అమ్మా, మీ ఆయన దేవుడు అనబోయాడు. నీకు దణ్ణం పెడతాను, నువ్వు నోరెత్తకు అంది మా అమ్మాయి. ఆ క్షణంలో నాకు అల్లుడి చెంప పగలగొట్టాలనిపించింది. అది నిజం. అతను చేసింది తప్పని మాత్రం ఎంత వెతికినా అనలేకపోయాను. నా నోటికి అదొక శిక్ష.

మధ్యాహ్నం సదస్సులో మళ్లీ టీలు. లాయరమ్మ మెట్ల దాకా ఎదురొచ్చింది. జరిగింది విని, ఇంకో మనిషిని చూస్తానంది.

"ఈసారి అంతా ముందే చెప్పి తీసుకురండి మేడమ్. లేకపోతే ఆయన చెబుతాడు" అంది మా అమ్మాయి.

"అంతా చెబితే ఎవరొస్తారమ్మా?"

లోపల నుంచి ఎవరో టీ కావాలని పిలిచారు. మా అమ్మాయి పళ్లెం అందుకుని వెళ్లింది. లాయరమ్మ మెట్ల మీదే ఉండిపోయింది, నేను కప్పులు కడగడానికి వెళ్లిపోయాను.