మా మామ, ఆరు రేసులు, నా జోస్యం

పోయిన ఆదివారం నాకేం గతి పట్టిందో చెప్త గని, ఒక షరతు. చాయ్ అయిపోయేదాంక ఎవ్వరు నవ్వొద్దు. ఆ పొద్దు ఇంట్లకెళ్లి బయటికి పోయేటప్పుడు మళ్ల ఈ గడప తొక్కుతనో లేదో అనుకున్న. మీకు నవ్వులాటనే, నాకు ఇంకా గుండె దడ తగ్గలె!

వనపర్తిల నాది విత్తనాల దుకాణం, మీకు తెల్సు. జాతరలల్ల ఎడ్ల బండలాగుడు పోటీలు పెడితే మైకు పట్టేది గూడ నేనే. ఎద్దు నోరు తెరిచి, పళ్లు లెక్కపెట్టి, వయసును బట్టి జతలను విడదీస్తరు గద. నేను మైకుల మొదలువెడ్త. "నాలుగు పళ్ల జతలల్ల ఇది పులి! ఫస్ట్ ప్రైజ్ దీనిదే, రాస్కోండ్రి!" గీ నోటి దూలనే నా కొంప ముంచింది.

రెండేండ్ల కింద ఎవరో ఫోన్ల హైదరాబాద్ గుర్రాల రేసుల పుస్తకం పంపిండ్రు. తెరిచి చూస్తే అండ్ల ప్రతి గుర్రం జాతకం ఉన్నది. వయసెంత, జాకీ ఎవరు, పోయిన ఐదుసార్లు ఎన్నో నంబర్ల వచ్చింది, ఎంత బరువు మోస్తది, అన్నీ. మంచిగ ఉరికే గుర్రం మీద బరువు ఎక్కువ పెడ్తరంట, మెల్లగ ఉరికేదాని మీద తక్కువ. అన్నీ సమానంగ ఉరకాలె గద! నాకు మస్తు నచ్చింది. గవన్నీ చూసి, లెక్కలేసి, ఏ రేసుల ఏ గుర్రం గెలుస్తదో చెప్పుడు షురూ చేసిన. శనివారం రాంగనే వాట్సాప్ గ్రూపుల పెడ్త. 'రేపటి ఆరు రేసులు, ఆరు గుర్రాలు. చంద్రన్న మాట.'

నేను మాత్రం ఒక్క పైసా పెట్టలె. అసలు గుర్రాన్ని దగ్గరకెళ్లి చూసిందే లేదు. పెండ్లి బరాత్‌ల చూసిన, అది గూడ దూరంగ నిలవడి, యాడ తంతదో అని. కానీ గ్రూపుల అందరు 'సూపర్ అన్నా' 'మస్తు అన్నా' అని పెడ్తుంటే, నేను నిజంగనే పెద్ద పండితుణ్ణి అనుకున్న. ఫలితాలు ఏమైనయో చూసుడు ఎప్పుడో బంద్ చేసిన.

గిట్ల నడుస్తుంటే, శుక్రవారం మా మామ ఫోన్ చేసిండు.

మా మామ బాలకిష్టయ్యది గద్వాల పక్కన పల్లె. ఆరడుగుల మనిషి, ఇంత మీసం. నా పెండ్లయి తొమ్మిదేండ్లయింది, నాతోని మొత్తం తొమ్మిది మాటలు మాట్లాడిండో లేదో. నిజం చెప్తున్న, ఆయనంటే నాకు చచ్చేంత భయం. ఆయన ప్రాణమంత కొట్టంల కట్టేసిన జత ఎడ్ల మీదనే ఉంటది. బిడ్డను అత్తగారింటికి తోలేటప్పుడు కంట్ల నీళ్లు రాలె గని, ఎద్దుకు జ్వరమొస్తే రెండు దినాలు అన్నం ముట్టలె! నేను పోయినప్పుడల్ల మర్యాదకు అంట, "మామా, ఈసారి కప్పు ఈ జతదే, రాస్కో" అని. ఆయన ఎంటనే లేచి ఎడ్లను లోపటికి తోల్కపోతడు. పొగిడితే సిగ్గువడ్తుండు అనుకునేటోణ్ణి.

"అల్లుడా, ఆదివారం గుర్రాల కాడికి పోదాం" అన్నడు.

"ఏంది మామా?"

"నువ్వు చెప్పు. నేను పెడ్త."

ఫోన్ పెట్టేసిండు. నాకు ఒళ్లు పొంగింది. మామ గూడ నా మాట నమ్మిండు! పది నిమిషాలు దుకాణంల ఛాతీ ఇర్సుకొని తిరిగిన. ఇంటికి పోయేసరికి నా భార్య సుజాత మొఖం తెల్లగ పాలిపోయి ఉంది.

"అమ్మ ఫోన్ చేసింది. కొట్టంల ఎడ్లు లేవంట. నిన్న పొద్దుగాల నాయిన తోల్కపోయిండంట. యాడికని అడిగితే నీకెందుకు అన్నడంట."

మామ నాకు ఫోన్ చేసిన ముచ్చట చెప్పిన. మామ గుర్రాల మీద పెడ్తనన్నడు. ఎడ్లు మాయమైనయి. ఇగ చెప్పేదేమున్నది?

"నువ్వు ఆయనకు ఏం ఎక్కించినవ్?" అన్నది సుజాత.

"ఒట్టు, నేనేం చెప్పలె!"

"నీ మాట నమ్మి ఎడ్లను అమ్మిండు. ఆ పైసలు పోతే మా నాయిన బతుకడు. ఆయనకేమన్న అయితే నీ మొఖం చూడ." అరవలె, మెల్లగ అన్నది. సుజాత మెల్లగ అన్నదంటే అన్నంత చేస్తది.

శనివారం దుకాణంల పుస్తకం ముందలేసుకొని కూసున్న. ఎప్పుడు ఆరు గుర్రాలు తేల్చడానికి అర్ధగంట చాలు. ఆ దినం సందేళదాంక ఒక్కటి తేలలె! మంచి గుర్రం అనుకుంటే బరువు ఎక్కువుంది. బరువు తక్కువున్నదాన్ని చూస్తే పోయిన ఐదుసార్లు ఆఖర్ల వచ్చింది. జాకీ మంచోడుంటే గుర్రం ముసలిది. ప్రతి గుర్రం వెనక నాకు మామ ఎడ్లు కనవడ్తున్నయి. పల్లికాయ విత్తనం అడిగినాయనకు మిర్చి ప్యాకెట్ ఇచ్చి పంపిన, ఆయన బస్టాండ్ దాంక పోయి తిరిగొచ్చిండు.

తప్పించుకుందామని మామకు ఫోన్ కొట్టిన. "మామా, ఈ వారం గుర్రాలు అంత బాగలేవు."

"చూద్దాం."

"నాకు జర జ్వరం లెక్క ఉంది మామా."

"గోలి ఏస్కో. పొద్దుగాల బండికి రా."

తెల్లారి రైలు ఆయన గద్వాలల ఎక్కిండు, నేను వనపర్తి రోడ్డు స్టేషన్ల ఎక్కిన. కిటికీ కాడ కూసున్నడు. ఒళ్లె గుడ్డ సంచి, దాని మీద రెండు చేతులు. "పైన పెడ్తనియ్యి మామా" అంటే "వద్దు" అన్నడు. ఇగ డౌటే లేదు. ఎడ్ల పైసలు! హైదరాబాద్ దాంక ఆ సంచి దిక్కే చూసుకుంట పోయిన. ఎవడన్న కొట్టేస్తే బాగుండు అని గూడ ఒకసారి అనిపించింది, చెంపలేసుకున్న.

రేసు కాడికి పోయినం. గుర్రాలను రేసుకు ముందు ఒక కంచె లోపట గుండ్రంగ తిప్పుతరు, జనం చూసుకోవాలె గద. మామ కంచె మీద మోచేతులు పెట్టి, వాటి ఎనక కాళ్లనే చూస్తుండు. ఉన్నట్టుండి గుర్రాన్ని పట్టుకున్నాయనను కేకేసిండు.

"ఓ తమ్మీ! జర నోరు తెరిపియ్యి, పళ్లు చూడాలె!"

జనమంత మా దిక్కు మర్రిండ్రు. ఆయనకు వినవడలే అనుకొని మామ ఒక కాలు కంచె లోపటికి ఏసిండు! ఈల ఊదుకుంట సెక్యూరిటీ ఉరికొచ్చిండు. "మామా, వయసు పుస్తకంల రాసి ఉంటది, మామా, కాలు తియ్యి మామా" అని నడుము పట్టి గుంజిన. సెక్యూరిటాయన కాళ్లొక్కటే మొక్కలె. "కొత్తోళ్లం సార్, పల్లెటూరోళ్లం సార్" అని బతిమాలితే ఇడిచిపెట్టిండు. మామ మాత్రం "పళ్లు చూడకుంట గుర్రమెట్ల తెలుస్తది?" అని గొణిగిండు.

"చెప్పు" అన్నడు నన్ను చూసి.

"మూడో నంబర్, మామా."

"ఖాయమేనా?"

ఏం ఖాయమో నాకే తెల్వదు. అయినా మైకు అలవాటు ఏడికి పోతది? "ఖాయం మామా, రాస్కో!"

నా జేబులున్న పెన్ను తీస్కొని, గేటు కాడ కొన్న రేసు పుస్తకంల ఏందో గీసిండు. పందెం పైసలు కట్టే కిటికీ కాడికి పోయి టికెట్ తెచ్చుకున్నడు. నాకే నమ్మకం లేదంటే బాగుండదని, నేను గూడ మూడో నంబర్ మీదనే పెట్టిన. మూడో నంబర్ ఏడోది వచ్చింది. మామ మీసం దువ్వుకున్నడు. తిడితే బాగుండు అనిపించింది.

రెండో రేసుల నేను చెప్పిన గుర్రం, గేట్లు తెరుచుకున్నంక గూడ అండ్లనే నిలవడి అటిటు చూసింది. మిగిలినయి మలుపు తిరిగినయి, ఇది అప్పుడు బయలెల్లింది. మూడో రేసుల నాది ఆఖరు నుంచి రెండోది. నాలుగో రేసుల మాత్రం నా గుర్రం ముందల ఉరుకుతుంది! నాకు పానం లేచొచ్చింది. మైకు లేకున్న మైకు గొంతుతోని అరిచిన, "ఇది పులి! దీన్ని ఆపేటోడే లేడు!" అని. నేను గట్లన్ననో లేదో, ఒకటెనక ఒకటి నాలుగు గుర్రాలు దాన్ని దాటి పోయినయి. పక్కన చూస్తే మామ మీసాల్ల చిన్నగ నవ్వు. పిచ్చిలేసింది మనిషికి, అనుకున్న. ఎడ్లు పోయిన బాధల మతి చెడింది. సుజాతకు ఏం చెప్పాలె?

ఐదో రేసు గూడ పోయినంక నాతోని కాలె. బెంచీ మీద ఆయన పక్కన కూలవడ్డ. చేతులు జోడించిన.

"మామా, ఇగ పెట్టకు. నాకేం తెల్వదు. నేను ఇయ్యాల్టి దాంక గుర్రాన్ని ముట్టుకోలె. గ్రూపుల ఏదో టైంపాస్‌కు రాస్త. మిగిలిన పైసలు తీస్కొని పోదాం, ఎడ్లను కొన్నోని కాళ్లు పట్టుకొనన్న ఇడిపించుకొస్త!"

మామ తన చేతిలున్న పుస్తకం తెరిచి నా ఒళ్లె పెట్టిండు. నేను చెప్పిన ఐదు గుర్రాల పేర్లు ఐదింటి మీద, స్కేలు పెట్టి గీసినట్టు, అడ్డంగ గీతలు! అన్నీ కొట్టేసి ఉన్నయి.

"ఏంది మామా ఇది?"

"ఐదేండ్ల సంది చూస్తున్న, అల్లుడా" అన్నడు. తొమ్మిదేండ్లల్ల ఆయన నాతోని గంత పొడుగు ముచ్చట పెట్టుడు అదే మొదలు. "నువ్వు మైకుల ఏ జతను మెచ్చుకుంటే ఆ జత నడిమిట్ల కూలవడ్తది. ఒక్కసారి గూడ తప్పలె. గసోంటి నోరు నేను యాడ చూడలె. ఎనిమిది గుర్రాలల్ల ఏది గెలుస్తదో నాకు తెల్వదు. ఏది గెలవదో నువ్వు చెప్తవ్. దాన్ని కొట్టేసి, మిగిలినయాట్ల నడక చూసి ఒకటి పట్టుకుంట. రెండు తగిలినయి."

నేను గుర్తు చేసుకున్న. పోయినేడు పులి అన్న జత బండ కట్టంగనే కింద కూసున్నది. అంతకుముందు సింహం అన్నదానికి తాడు తెగింది. వామ్మో!

"మరి ఎడ్లు?"

"శ్రీరంగాపూర్ల పెద్దబిడ్డ ఇంటి కాడ కట్టేసిన. వచ్చే నెల పోటీలున్నయి. ఈ లోపల నువ్వొచ్చి కప్పు వీటిదే అంటవని భయం."

"సంచిల?"

"జొన్న రొట్టెలు. ఈడ తిండి పిరం."

నాకు ఏడుపొచ్చింది, నిజంగ. అంతమందిల కండ్లు తుడుచుకున్న. మామ ఒక రొట్టె తీసి, మీద పల్లి కారం ఏసి చేతిల పెట్టిండు. "తిను. తిని, ఆరో రేసు చెప్పు" అన్నడు. చెప్పిన. కొట్టేసిండు. ఆ దినం చంద్రన్న మాట నమ్మి పైసలు పోగొట్టుకున్నది ఒక్కడే, వాడే చంద్రన్న!

ముచ్చట ఇక్కడికి ఒడిసిందనుకున్న. నిన్న పొద్దుగాల మామ దుకాణానికొచ్చిండు. స్టూల్ మీద కూసొని, మీసం దువ్వి, చెప్పిండు. "పోటీలల్ల మైకు నీదేనంట. మా జత వచ్చినప్పుడు, ఇది ఓడిపోతదని చెప్పు. గట్టిగ చెప్పు. నీ మీదనే నమ్మకం పెట్టుకున్న."

సరే అని తలకాయ ఊపిన. ఊపిన కాడికెళ్లి అన్నం బుక్క లోపటికి పోతలేదు. పోయిన ఆదివారం నేను చెప్పింది తప్పైతదేమో అని భయపడ్డ. ఇప్పుడు, అన్నల్లారా, జీవితంల మొదటిసారి నిజమైతే నా గతేంది?