టాపు లేని కారులో పెళ్ళికొడుకు

ఎవరి పెళ్ళినైనా పాడు చేయాలంటే ఇద్దరు ముగ్గురు శత్రువులు కావాలి, లేదా వంటవాడు పారిపోవాలి. నా పెళ్ళిని నేనొక్కణ్ణే, ఎవరి సాయమూ లేకుండా, ఫోన్లో రెండు ఫొటోలు చూసి పాడు చేశాను. చివర్లో వాన వచ్చి కాస్త చెయ్యి వేసిందనుకోండి. అయినా ఆ ఘనతలో దానికి వాటా ఇవ్వను.

మా ప్రకాష్ బావ విశాఖపట్నంలో పెళ్ళిళ్ళకు కార్లు అద్దెకిచ్చే చోట డ్రైవరు. పెళ్ళికి పది రోజుల ముందు రెండు ఫొటోలు పంపాడు. రెండూ ఒకే స్పోర్ట్స్ కారు. ఒకే ఎరుపు, రెండేసి సీట్లు, నేల మీద కూర్చున్న బాతంత ఎత్తు. తేడా ఒక్కటే. ఒకదానికి గట్టి టాపు ఉంది. రెండోదాని టాపు బటన్ నొక్కితే మడుచుకుని సీట్ల వెనక పడుకుంటుంది. ఏదో ఒకటి తేల్చమన్నాడు.

బుద్ధి ఉన్నవాడికి అది అర నిమిషం పని. మే నెల, ఉద్దానం, పొద్దున ఎండ, కాసేపటికి మబ్బు. నేను రెండు రోజులు ఆలోచించాను. బుద్ధి లేని పనే చేశాను గానీ తొందరపడి చేయలేదు. అది కాస్త గమనించాలి.

"టాపున్నదే తీసుకోరా. ఏసీ ఉంటాది, కోటు నలగదు," అన్నాడు బావ.

"టాపుంటే లోపలున్నోణ్ణి ఎవుడు సూత్తాడు బావా?"

"నిన్ను సూసి ఏటి సేత్తారు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబే అప్పుడు ఉందనుకున్నాను. పలాసలో నాతో చదువుకున్నవాళ్ళంతా నన్ను షేర్ ఆటో వెనక ఒక కాలి మీద వేలాడుతూనే చూశారు. ఆ కాలితోనే ఎర్ర కారులోంచి దిగడం కూడా వాళ్ళు చూడాలని నా కోరిక. టాపు లేని కారంటే నడిచే వేదిక. నిలబడి చెయ్యి ఊపవచ్చు. ఊపడం అద్దం ముందు రెండు రోజులు సాధన చేశాను. మా అమ్మ చూసి దోమలనుకుని బత్తి వెలిగించింది.

ఇక కోటు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో నాకంటే విలువైనది అదే. మా మావగారు టెక్కలిలో టైలరు. పెళ్ళి కోటు ఆయనే కుట్టారు, పాలమీగడ రంగు. నన్ను మూడుసార్లు కొలిచారు. వాళ్ళ అమ్మాయికి నేను సరిపోతానా అన్న అనుమానం ఆయనకు మొదటినుంచీ ఉంది. కనీసం కోటైనా నాకు సరిపోవాలని పట్టుదల. కుట్టడం పూర్తయ్యాక నా చేతిలో పెట్టి, "బాబూ, నా పిల్లనిత్తన్నాను, నా కుట్టిత్తన్నాను. పిల్లనెలా సూసుకుంటావో ఈ కోటు సూసి సెప్పేత్తాను. పది గంటలకి సర్చి కాడ కనబడు," అన్నారు.

ఆ సాయంత్రమే పెళ్ళికూతురు సునీత ఫోన్ చేసి టాపున్న కారే తెమ్మంది. "మా నాన్న నిన్ను సూడడు, కోటే సూత్తాడు. ఒక్క మరక కనబడినా జన్మంతా దెప్పుతాడు. నేను కాపాడను," అంది. పెళ్ళికి ముందే ఇంత స్పష్టంగా మాట్లాడే అమ్మాయి దొరకడం అదృష్టం. వినే అబ్బాయి ఆమెకు దొరకలేదు.

పెళ్ళిరోజు ఎనిమిదింటికి బయల్దేరాం. మా ఊరు సుమ్మాదేవికి తూర్పున, కొబ్బరితోటల మధ్య. బావ బటన్ నొక్కాడు. టాపు మడుచుకుంది. నేను లేచి నిలబడి చెయ్యి ఊపాను. సరిగ్గా నాలుగు ఇళ్ళ దూరం నేను రాజుని.

అయిదో ఇల్లు పెద్దత్తది. ఇక్కడ మీకొక మాట చెప్పాలి. మా ఉద్దానంలో టాపు లేని బండంటే లగేజీ బండి. దాని రంగుతో, వేగంతో, అద్దెతో మాకు సంబంధం లేదు. పైన ఖాళీ ఉంటే అందులో ఏదో ఒకటి వేయాలి. పైగా పెళ్ళికి ఉత్తచేతుల్తో వెళ్ళడం మాకు నామోషీ. ఈ రెండు సంగతులూ నేను పుట్టినప్పటినుంచీ ఎరుగుదును. అయినా అద్దం ముందున్న రెండు రోజులూ గుర్తుకు రాలేదు.

పెద్దత్త రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తింది. మేనత్త చెయ్యెత్తితే ఆగని బండి మా ఊళ్ళో ఇంకా తయారు కాలేదు. ఆవిడ పక్కన ఒక పనసకాయ ఉంది. కాయ అని మర్యాదకు అంటున్నాను. మూడేళ్ళ పిల్లవాడంత ఉంది.

"బస్సులో ఇదెక్కడెట్టుకోనురా? నీ బండి ఖాళీగానే ఎల్తన్నాది కదా," అంది అత్త.

ఇది కారని, పెళ్ళికొడుకు కూర్చునేదని మనవి చేశాను. ఆవిడ వినిపించుకోకుండా పనస మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, మా కాపురం దీని తొనల్లా నిండుగా ఉండాలని ప్రార్థన చేసింది. ఆమెన్ అనక తప్పలేదు. ఆమెన్ అన్నాక వద్దనడానికి వీల్లేదు. మడిచిన టాపు మీద పనస కూర్చుంది. పెద్దత్త ఇచ్చిందని చిన్నత్త రెండు కొబ్బరి గెలలు ఇచ్చింది. తా దూర సందు లేదు, మెడకో డోలన్నారు పెద్దలు. వాళ్ళ రోజుల్లో రెండు సీట్ల కార్లు లేవు గానీ ఊహించే అన్నారు.

ఒక గెల పనస పక్కన పెట్టి, ఇంకొకటి నా కాళ్ళ మధ్య పెట్టుకోవడంతో నిలబడే కార్యక్రమం రద్దయింది. కూర్చునే పలాస చేరాను. నేను కోరుకున్న జనం కోరుకున్న చోటే ఉన్నారు. నాతో ఇంటర్ చదివిన ఒకడు టీ గ్లాసుతో కారు దగ్గరికొచ్చాడు. అటూ ఇటూ తిరిగి చూశాడు. నేను కోటు సర్దుకున్నాను.

"పనస అమ్మకానికేటి బావా?" అన్నాడు.

పలాస దాటగానే మబ్బు పట్టింది. మొదటి చినుకు నా ముక్కు మీద పడింది. బావ బటన్ నొక్కాడు. వెనక ఏదో మూలిగింది గానీ టాపు లేవలేదు. పనస దించాలన్నాడు. దించడానికి ఉన్న చోటు నా ఒళ్ళొక్కటే. దాని తొడిమ నుంచి జిగురు కారుతోంది. ముందు వాన, వెనక పనస. చివరికి కారాపి, పనసనూ దాని పక్కనున్న గెలనూ రోడ్డు పక్కన కూర్చోబెట్టి మళ్ళీ నొక్కాం. టాపు సగం లేచి, అక్కడే ఆగిపోయింది. ఒక కొబ్బరికాయ గెల నుంచి ఊడి మడత సందులోకి దూరింది. అది రాదు, ఇది కదలదు. ఆవులింత మధ్యలో పట్టేసిన నోరులా నిలబడింది కారు.

తొమ్మిదింబావు. వాన పెద్దదవుతోంది. కోటు విప్పి దాచుకోవచ్చు కదా అని మీరంటారు. దాచడానికి మూత ఉన్న చోటు ఆ కారులో ఉంటే నేనే అందులో దాక్కునేవాణ్ణి.

పక్కనే జీడితోట. కాపలా ముసలాయన మమ్మల్ని చూసి జాలిపడ్డాడు. చెట్ల కింద పరిచిన బరకం లాగి తెచ్చి ఇచ్చాడు. దాన్ని కారు మీద కప్పి తాళ్ళతో కట్టాం. పనసా గెలా మళ్ళీ వెనకెక్కాయి. బావ ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తూ, నేను బరకాన్ని రెండు చేతులతో గుండెకు హత్తుకుని, టెక్కలి దాకా వచ్చాం. ఒక్క చుక్క పడలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

చర్చి గేటు దగ్గర సునీత బాబాయి గొడుగు పట్టుకుని వచ్చే బండ్లను దారిలో పెడుతున్నాడు. బురద కొట్టుకున్న బండి, పైన బరకం, అంచున తొంగి చూస్తున్న కొబ్బరి గెల. ఆయన క్షణం కూడా ఆలోచించలేదు.

"సామాన్ల బండి ఎనక్కి. వంటల కాడ దించండి. బేగి, బేగి, పెళ్ళికొడుకు కారొచ్చే ఏలయింది."

వెనక జీపు హారన్ కొడుతోంది. బావ వెనక్కే పోనిచ్చాడు. వంటవాళ్ళు తాళ్ళు విప్పి, బరకం ఎత్తి, ఒక్కొక్కటీ దించడం మొదలుపెట్టారు. వంటమేస్త్రి లోపలికి వంగి చూసి, సరుకు లెక్క చెప్పినట్టు పైకే చెప్పాడు.

"పనస ఒకటి. గెలలు రెండు. పెళ్ళికొడుకు ఒకడు."

ఆ మాట విని మావగారు వచ్చారు. నన్ను చూడలేదు. కోటు చూశారు. తడి లేదు, మడత లేదు. నేను ఛాతీ ముందుకు పెట్టాను. ఆయన ఆ ఛాతీకి ముక్కు దగ్గరపెట్టి వాసన చూశారు.

"ఈ బరకం జీడితోటదా బాబూ?"

నా ప్రాణం అక్కడే పోయింది. జీడిపండు రసం బట్టకు తగిలితే మొదట నీళ్ళలా ఉంటుంది. ఆరుతున్నకొద్దీ గోధుమరంగు తేలుతుంది. ఆ తర్వాత ఉతకడం వృథా, బట్ట చిరగాలి గానీ మరక పోదు. మా ప్రాంతంలో పాలు తాగే పిల్లలకు కూడా ఇది తెలుసు. మేలో జీడిచెట్ల కింద పరిచిన బరకం మీద ఏం పడుతుందో అడగకుండా దాన్ని కౌగిలించుకున్న ఉద్దానంవాణ్ణి నేనొక్కణ్ణే. కంచే చేను మేసిందంటారు. నా బరకం కోటును మేసింది. చూస్తుండగానే కుడివైపు ఛాతీ మీద అరచేతి మేర మరక తేలింది.

పది గంటలకు ఇంకా అయిదు నిమిషాలు. లోపల పాస్టర్‌గారు గొంతు సవరించుకుంటున్నారు. సునీత కిటికీలోంచి ఒకసారి చూసి, మాట ఇచ్చినట్టే కాపాడకుండా వెళ్ళిపోయింది. మావగారు జేబులోంచి సూది, దారం, కోటు బట్టలో మిగిలిన ముక్క తీశారు.

"ముక్క కూడా తెచ్చారా మావగారూ?"

"నిన్ను మూడుసార్లు కొలిసేను కదా బాబూ," అన్నారు ఆయన, దారం కొరుకుతూ.

మరక మీద జేబు కుట్టేశారు. పది దాటి పది నిమిషాలకు పెళ్ళి మొదలైంది. మా పెళ్ళి ఫొటోల్లో నా కోటుకు అటొకటి ఇటొకటి రెండు జేబులుంటాయి. తర్వాతి వేసవిలో పలాస నుంచి ఒక పెళ్ళికొడుకు మావగారి దుకాణానికి వచ్చి, నాలాగే రెండు జేబుల కోటు కావాలన్నాడు. అతణ్ణి కొలుస్తూ మావగారు అడిగిన మొదటి ప్రశ్న, నేను అక్కడే ఉండి విన్నాను.

"కారుకి టాపున్నాదా?"

కాబట్టి, ఆ పనస తొనల సాక్షిగా, ఆ కుడి జేబు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో టాపు లేని బండి ఎక్కను, పెళ్ళికొడుకుగా మాత్రం అసలే ఎక్కను. రెండో ప్రమాణం సునీత పక్కన నిలబడి చేర్పించింది.